మనోవిజ్ఞానంలో అంతేవాసులు



'ఇంటర్న్' అనే మాట ఈనాడు చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటా వినబడుతున్నది. దీనికి తెలుగు మాట ఏది అని ఎవరైనా అడిగితే శిక్షణార్థి, అభ్యాసకుడు వంటివి చెబుతుంటారు. నాకు మాత్రం 'అంతేవాసి' అన్న పాతమాటే నచ్చుతుంది. అంతే అనగా సమీపమందు, వాసి అనగా వసించేవాడు. సప్తమీ విభక్తి లోపించక నిలిచిన అలుక్సమాసమిది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగిసిన శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉన్నదే, అక్కడ శిష్యుణ్ణి పేర్కొన్నది ఈ మాటతోనే. గురువుకు దగ్గరగా ఉండి, ఆయన చేసేది చూస్తూ, తాను చేసేది ఆయనకు చూపిస్తూ నేర్చుకునేవాడని తాత్పర్యం.

ఈ టపాలో నేను చెప్పదలచినది ఆ 'దగ్గర'ను గురించే. మనస్సును గురించిన శాస్త్రం విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన తరువాత, తన విద్యార్థిని మనిషి దగ్గరకు పంపడానికి దానికి ఎంతకాలం పట్టింది? ఎవరు పంపారు? పంపినంత మాత్రాన అంతా సవ్యంగా జరిగిందా? ఈ మూడు ప్రశ్నలకు చరిత్రలో ఆసక్తికరమైన సమాధానాలున్నాయి. వాటిలో మొదటిది ఒక బడిపంతులమ్మతో ముడిపడి ఉండడం నావంటి విశ్రాంత ఉపాధ్యాయునికి మరీ సంతోషం కలిగించే సంగతి.

జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో 1879లో విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో ఆధునిక మనోవిజ్ఞానానికి జాతకచక్రం వేయడం పరిపాటి. అంతకుముందు మనస్సును గురించి వాదించుకున్నవారు తత్త్వవేత్తలు. వుంట్ గడియారాన్ని ఎదుట పెట్టుకున్నాడు. చప్పుడైన క్షణానికీ, అది విన్నవాడు మీట నొక్కిన క్షణానికీ నడుమ ఎంత కాలం గడిచింది? రెండు వెలుగులలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని మనిషి ఎంత సూక్ష్మంగా చెప్పగలడు? ఇటువంటి ప్రశ్నలు అక్కడివి. ఆ గదిలో కూర్చుని తన అనుభవాన్ని వివరించేవాడు రోగి కాడు, బాధితుడూ కాడు. తర్ఫీదు పొందిన సాటి విద్యార్థి. ఈవేళ ప్రయోగం చేసినవాడే రేపు ప్రయోగానికి లోబడేవాడు. శాస్త్రం అనిపించుకోవడానికి ఆ నియమం అవసరమే కావచ్చు. కాని చదువురాక ఏడ్చే పిల్లవాడికి గాని, నిద్రపట్టని తల్లికి గాని ఆ గదిలో చోటు లేకపోయింది. దేశదేశాల నుంచి వచ్చిన శిష్యులు ఆ పద్ధతినే మోసుకుపోయి తమ తమ ఊళ్ళలో అటువంటి గదులనే కట్టుకున్నారు.

అదే కాలంలో వైద్యవిద్య మరొక దారి పట్టింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల 1893లో తెరుచుకున్నప్పుడు విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాసశాలలో నుంచి లేపి రోగి మంచం పక్కన నిలబెట్టాడు. 'క్లినిక్' అన్న మాటకు మూలం మంచం అనే అర్థమున్న గ్రీకు పదం. మంచం దగ్గర నేర్చుకునే విద్య క్లినికల్ విద్య. మన 'అంతేవాసి'లో గురువు సామీప్యం ఉంటే, వారి 'క్లినిక్'లో రోగి సామీప్యం ఉంది. ఈ రెండు సామీప్యాలూ కలిసినప్పుడే చదువు పూర్ణమవుతుందని నా నమ్మకం. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

వుంట్ శిష్యులలో లైట్నర్ విట్మర్ ఒకడు. 1867లో ఫిలడెల్ఫియాలో పుట్టినవాడు. లైప్‌జిగ్ లో పరిశోధన ముగించుకుని 1892లో స్వస్థలానికి తిరిగివచ్చి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. జర్మనీకి వెళ్ళకముందు కొంతకాలం బడిలో పాఠాలు చెప్పిన అనుభవం అతనికి ఉంది. అతని తరగతులకు ఊరి బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులు కూడా వచ్చి కూర్చునేవారు. వారిలో మార్గరెట్ మగ్వైర్ అనే ఉపాధ్యాయిని ఒకరు.

1896 మార్చిలో ఆమె తన బడిలోని పధ్నాలుగేళ్ళ బాలుని సమస్యను విట్మర్ ముందు పెట్టింది. తక్కిన విషయాలలో తెలివి ఉన్న పిల్లవాడే. అక్షరక్రమం మాత్రం ఎంత చెప్పినా పట్టుబడదు. చదవబోతే మాట మాట దగ్గరా తడబాటే. మనస్సును గురించి ఇంత శాస్త్రం చెబుతున్నారు కదా, ఈ పిల్లవాడికి ఆ శాస్త్రం ఏమైనా చేయగలదా? ఆమె ప్రశ్న సారాంశం ఇంతే. నేటికీ మన బడుల్లో ప్రతి తరగతిలోనూ అటువంటి పిల్లవాడొకడు ఉంటాడు. ఆ ప్రశ్న మన నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆమె ఆగలేదు.

తాను నేర్చిన శాస్త్రంలో ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉన్న సమాధానం లేదని విట్మర్ గ్రహించాడు. గ్రహించి, పిల్లవాణ్ణి పంపించమన్నాడు. పరీక్షించగా చూపులో దోషం బయటపడింది. కళ్ళజోడు పెట్టించారు. అంతటితో సమస్య తీరలేదు. మాటను మాటగా గుర్తుపట్టలేని ఇబ్బంది మిగిలే ఉంది. దానికోసం ప్రత్యేకంగా కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టారు. పిల్లవాడు కొంత కొంతగా మెరుగుపడ్డాడు. ఈ ఒక్క పిల్లవాడి నుంచి ఒక శాల పుట్టింది. విశ్వవిద్యాలయంలో వెలసిన తొలి మానసిక చికిత్సాశాలగా దానిని చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ బాలుడు యౌవనంలోనే క్షయవ్యాధితో కన్నుమూశాడు. అతని కథను మాత్రం విట్మర్ మారుపేరుతో తన పత్రికలో రాశాడు. 1907లో అతడు మొదలుపెట్టిన ఆ పత్రిక పేరు 'ది సైకలాజికల్ క్లినిక్'. 'క్లినికల్ సైకాలజీ' అన్న పేరును లోకంలో నిలబెట్టినది దాని తొలి సంచికలోని వ్యాసమే.

ఇక్కడ మనం ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటి ఉంది. అదే 1896 డిసెంబరులో బోస్టను నగరంలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సమావేశం జరిగింది. విట్మర్ అక్కడ ఒక ప్రణాళిక చదివాడు. బడిపిల్లల మానసిక వికాసాన్ని పరిశోధించాలి. చికిత్సాశాల, దానికి అనుబంధంగా శిక్షణ పాఠశాల ఉండాలి. ఉపాధ్యాయులకూ వైద్యులకూ అక్కడ స్వయంగా పనిచేసి నేర్చుకునే అవకాశం ఇవ్వాలి. విద్యార్థులను ఒక కొత్త వృత్తికి తయారుచేయాలి. అదీ దాని సారం. సభలోని పెద్దలు పెద్దగా ఉత్సాహం చూపలేదు. నాలుగేళ్ళ క్రితమే పుట్టిన సంఘం అది. శాస్త్రంగా గుర్తింపు పొందడమే గగనమై ఉన్న రోజులలో, పిల్లవాడి అక్షరదోషాలు దిద్దే పని పెట్టుకుంటే పరువేమవుతుందన్న సంకోచం సహజమే. విట్మర్ వెనుదీయలేదు. మరుసటి ఏడు 1897 వేసవిలో నాలుగు వారాల తరగతులు నడిపి, ఉపాధ్యాయుల ఎదుట పిల్లలను పరీక్షించి చూపించాడు. పని చూసి, పని చేసి నేర్చుకునే మనోవిజ్ఞాన విద్య అలా మొదలైంది.

నేను 1980ల తొలినాళ్ళలో తెలుగు పండిత శిక్షణ పొందినప్పుడు మాకు విద్యామనోవిజ్ఞానం ఒక పాఠ్యాంశం. థారన్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ చింపాంజీ, ఈ మూడు జంతువుల సాయంతో మానవబాలుని మనస్సును అర్థం చేసుకున్నాము. ఆ తరువాత బోధనాభ్యాసం పేరిట మమ్మల్ని బడులకు పంపేవారు. పాఠ్యపథకం రాసుకుని, నల్లబల్ల ముందు నిలబడితే, వెనకబల్ల మీద మా పర్యవేక్షకులు పుస్తకం తెరిచి కూర్చునేవారు. పెట్టెలో నుంచి పిల్లి ఎలా బయటపడిందో పరీక్షలో రెండు పుటలు రాసినవారికి కూడా, నలభై మంది పిల్లల ఎదుట నోట్లో నుంచి మాట బయటపడడం కష్టమయ్యేది. పాఠం ముగిశాక పర్యవేక్షకులు చెప్పే నాలుగు మాటలే అసలు చదువు. మూడో వరుసలో పిల్లవాడు చేయి ఎత్తబోయి దించాడు, చూశారా అని అడిగేవారు. ఆ చేయి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే విట్మర్ కథ చదివినప్పుడు నాకది పరాయిదేశపు కథగా తోచలేదు.

విట్మర్ వేసిన దారిలో తరువాత వచ్చిన మజిలీ వైన్‌లాండ్. న్యూజెర్సీ రాష్ట్రంలో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం వెలసిన శిక్షణాలయమది. హెన్రీ గొడార్డ్ 1906 నుంచి అక్కడి పరిశోధనశాలను నడిపాడు. మనోవిజ్ఞాన విద్యార్థులు ఒక సంస్థలో ఉండి పనిచేస్తూ నేర్చుకునే ఇంటర్న్‌షిప్‌కు నాంది అక్కడే 1908లో పడినదని చెబుతారు. విద్యార్థి పిల్లల మధ్యనే ఉంటాడు, వారిని పరీక్షిస్తాడు, వారి దినచర్య చూస్తాడు. అంతేవాసి అన్న మాటకు ఇంతకంటె సరిగ్గా సరిపోయే సందర్భం ఏముంటుంది?

కాని కథ ఇక్కడే అడ్డం తిరిగింది. ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో రూపొందించిన బుద్ధిపరీక్షను గొడార్డ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. బడిలో వెనకబడే పిల్లలను గుర్తించి సాయం చేయడం కోసం బినే తయారుచేసిన పరికరమది. గొడార్డ్ చేతిలో అది పిల్లల తలరాత తేల్చే కొలబద్ద అయింది. బుద్ధిమాంద్యం వంశపారంపర్యమని నిరూపించబూని 1912లో అతడు ఒక కుటుంబచరిత్ర ప్రచురించాడు. 'ది కాలికాక్ ఫ్యామిలీ' అన్న ఆ పుస్తకం వెలువడగానే ఎంతో ఆదరణ పొందింది. 'బలహీనబుద్ధుల'కు సంతానం కలగకుండా చేయాలన్న వారికి అది ఆయుధమైంది. పూర్వీకుల బుద్ధిని ఊహల మీదా వినికిడి మాటల మీదా నిర్ణయించారనీ, ఆ నిర్ణయాలు నిలవవనీ తరువాతి పరిశోధకులు తేల్చారు. గొడార్డ్ తానే 1928 నాటికి తన పూర్వాభిప్రాయాలలో కొన్నింటిని విడిచిపెట్టాడు. ఈలోగా చట్టాల రూపంలో జరిగిన నష్టం జరిగిపోయింది.

దీని నుంచి మనం నేర్వవలసినదేమి? పిల్లల దగ్గర ఉన్నంత మాత్రాన పిల్లలు అర్థమైపోరు. దగ్గర ఉండి కూడా ముందే రాసిపెట్టుకున్న సమాధానాన్ని వారి ముఖాల మీద చదువుకోవచ్చు. సామీప్యానికి తోడు ఇంకొక నేత్రం కావాలి. చూసేవాణ్ణి చూసే మరొకరు, చూసినదానిని సందేహించే శాస్త్రబుద్ధి.

ఆ మాట అమెరికాకు బోధపడడానికి ఒక మహాయుద్ధం కావలసివచ్చింది. 1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి మనస్సు గాయపడిన సైనికులతో ఆసుపత్రులు నిండిపోయాయి. చికిత్స చేయగలవారు బహు కొద్దిమంది. మాజీ సైనికుల సంక్షేమం చూసే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ 1946లో విశ్వవిద్యాలయాలతో ఒప్పందం కుదుర్చుకుని, విద్యార్థులకు వేతనమిచ్చి తన ఆసుపత్రులలో శిక్షణ ప్రారంభించింది. చదువు విశ్వవిద్యాలయానిది, పని ఆసుపత్రిది. ఈ శిక్షణ ఎలా ఉండాలో ఆలోచించే సంఘానికి డేవిడ్ షాకో అధ్యక్షుడు. వూస్టర్ నగరంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఏళ్ళ తరబడి విద్యార్థులకు పని నేర్పిన మనిషి. నాలుగేళ్ళ చదువు ఉండాలనీ, అందులో మూడవ ఏడు పూర్తిగా ఆసుపత్రిలో గడపాలనీ ఆ సంఘం 1947లో సూచించింది. 1949 ఆగస్టులో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగరంలో రెండు వారాలపాటు సమావేశమైన ప్రతినిధులు, శాస్త్రవేత్తగానూ వృత్తినిపుణుడుగానూ ఒకే మనిషిని తీర్చిదిద్దాలని తీర్మానించారు. పరిశోధన తెలియనివాడు చికిత్స చేయరాదు, మనిషిని చూడనివాడు పరిశోధన చేయరాదు అన్నది దాని సారాంశంగా నేను చెప్పుకుంటాను. విట్మర్ బోస్టనులో ప్రణాళిక చదివిన యాభై మూడేళ్ళకు అతని మాట చెల్లింది. అప్పటికతడు బ్రతికే ఉన్నాడు. 1956లో కన్నుమూశాడు.

ఇంతవరకు చెప్పినది ఆసుపత్రుల సంగతి. మనస్సు ఉన్నది ఆసుపత్రిలోనేనా? కార్ఖానాలో లేదా, ఇంట్లో లేదా? ఈ ప్రశ్న వేసినవారిలో నాకు మిక్కిలి గౌరవమున్న విదుషి మారీ యహోదా. 1907లో వియన్నాలో జన్మించింది. ఆ నగరానికి సమీపంలోని మారియెన్‌తాల్ అనే ఊరు పూర్తిగా ఒక బట్టలమిల్లు మీద ఆధారపడి బ్రతికేది. ఆర్థికమాంద్యంలో మిల్లు మూతబడి ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైజెల్ తమ బృందంతో 1931, 1932 ప్రాంతంలో ఆ ఊరిని పరిశీలించి, 1933లో పుస్తకం ప్రచురించారు.

పని లేకపోతే తీరిక దొరుకుతుంది, తీరిక దొరికితే మనిషి చదువుకుంటాడు, పోరాడతాడు అనుకునేవారు కొందరు. అక్కడ కనబడినది వేరు. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్ళేవారి సంఖ్య తగ్గిపోయింది. వీధిలో నడిచే మగవారి నడక మందగించింది. ఎక్కడికీ చేరవలసిన పని లేనివాడికి కాలం విలువ లేకుండా పోయింది. ఈ ఫలితాల కంటె నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వారు పెట్టుకున్న నియమం. బృందంలో ఎవరూ కేవలం ప్రేక్షకులుగా ఊళ్ళోకి పోరాదు. ప్రతివారూ ఊరికి పనికివచ్చే పని ఏదో ఒకటి చేయాలి. అందుకే బట్టలు పంచారు, వైద్యసలహా ఏర్పాటుచేశారు, కుట్టుపనికి బట్ట కత్తిరించే తరగతులు పెట్టారు. ఆ పనుల మధ్య మాటలు విన్నారు. ఉపకారం చేసే చేతికే సమాచారం అందుతుందని వారికి తెలుసు.

రాజకీయ కారణాల వల్ల 1936లో యహోదా చెరసాల పాలైంది. 1937లో దేశం విడిచి ఇంగ్లండు చేరింది. యుద్ధానంతరం కొన్నేళ్ళు అమెరికాలో ఉండి, 1958లో తిరిగివచ్చి లండనులోని బ్రూనెల్ కళాశాలలో చేరింది. 1966లో విశ్వవిద్యాలయమైన బ్రూనెల్ అదే. ఇంజనీరింగు విద్యలో అప్పటికే అక్కడ 'సాండ్విచ్' పద్ధతి ఉంది. రొట్టెల నడుమ కూర ఉన్నట్టు చదువు నడుమ ఉద్యోగం. కొన్ని నెలలు తరగతిలో, కొన్ని నెలలు కార్ఖానాలో. యహోదా ఉన్న కాలంలో మనోవిజ్ఞానానికి కూడా నాలుగేళ్ళ సాండ్విచ్ పట్టా అక్కడ రూపుదిద్దుకుంది. ఆ పద్ధతిలో చదివే సాంకేతిక విద్యార్థులను గురించి ఆమె 1963లో ఒక పుస్తకమే రాసింది. పని పోయిన ఊరిలో మనిషికి పని ఏమి ఇస్తుందో నేర్చుకున్న విదుషి, పని చేయనిదే మనిషిని గురించి చదువు పూర్తికాదన్న పద్ధతి వైపు నిలవడంలో ఆశ్చర్యమేముంది? ఈనాడు బ్రిటనులో మనోవిజ్ఞానం చదివే పిల్లలు ఒక ఏడాది పనికి వెళ్ళివచ్చే ఏర్పాటు పలు విశ్వవిద్యాలయాలలో ఉన్నది.

ఇక మన దేశానికి వద్దాం. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాఖ తెరుచుకుంది. హార్వర్డులో చదివివచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దానికి తొలి ఆచార్యుడు. మైసూరులో 1924లో శాఖ నెలకొల్పినవారు ఎం.వి. గోపాలస్వామి. లండనులో స్పియర్‌మన్ వద్ద చదివినవారు. మైసూరులోని తన ఇంటి నుంచే 1935లో రేడియో ప్రసారాలు మొదలుపెట్టి, 'ఆకాశవాణి' పేరిట నడిపినది కూడా ఈ మనోవిజ్ఞానాచార్యులే! మనం చిన్ననాడు చెవులు రిక్కించి విన్న ఆ పేరు వెనుక మనస్సుల శాస్త్రం తెలిసిన మనిషి ఉన్నాడన్నమాట. కలకత్తాలో వైద్యుడైన గిరీంద్రశేఖర్ బోసు మనోవిజ్ఞానంలో డాక్టరేటు పొంది, 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. 1940లో లుంబినీ పార్క్ పేరిట మానసిక వైద్యశాల కూడా నెలకొల్పబడింది.

ఇంత జరిగినా విశ్వవిద్యాలయపు విద్యార్థిని ఆసుపత్రిలో నిలబెట్టి పద్ధతిగా పని నేర్పే చదువు ఇంకా రాలేదు. ఆరోగ్యవ్యవస్థను పరిశీలించిన భోర్ సంఘం 1946లో తన నివేదిక సమర్పిస్తూ, మానసిక ఆరోగ్య రంగంలో శిక్షణ పొందినవారి కొరతను ఎత్తిచూపింది. ఆ బాటలోనే 1954లో బెంగుళూరులో అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. ఎం.వి. గోవిందస్వామి తొలి డైరెక్టరు. మరుసటి ఏడు 1955లో అక్కడ వైద్యులకు ఒక డిప్లొమా, మనోవిజ్ఞానం చదివినవారికి ఒక డిప్లొమా ప్రారంభమయ్యాయి. పక్కనే మానసిక వైద్యశాల. పాఠం విన్న విద్యార్థి అటు నడిస్తే వార్డు. ఆ సంస్థ, ఆ వైద్యశాల 1974లో ఒకటై నిమ్‌హాన్స్ అయ్యాయి. కలకత్తాలో శాఖ తెరిచిన నాటి నుంచి ఈ డిప్లొమా దాకా లెక్కిస్తే ముప్ఫైతొమ్మిదేళ్ళు.

తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో కె. రామకృష్ణారావుగారు మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. ఆయన తరువాత అక్కడే ఉపాధ్యక్షులయ్యారు, 2021లో పరమపదించారు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లో బుద్ధిమాంద్యుల కోసం జాతీయ సంస్థ వెలసింది. వైన్‌లాండ్ వంటి చోట ఒకప్పుడు తలరాతలు తేల్చిన చదువే, ఇక్కడ తల్లిదండ్రులకు బిడ్డ చేత చొక్కా గుండీ పెట్టించడం నేర్పే చదువైంది. ఇది చిన్న మార్పు కాదు.

కొలబద్దల విషయంలోనూ మనవారు శ్రమించారు. వి.వి. కామత్ బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మలిచాడు. చదువురాని వారికి కూడా పెట్టదగిన క్రియాపరీక్షలను సి.ఎం. భాటియా 1955లో వెలువరించాడు. పరాయిభాషలో తయారైన ప్రశ్నతో మన పిల్లవాణ్ణి తూచరాదన్న ఎరుక అందులో ఉన్నది.

ఈ భాష సంగతి దగ్గరే నా మనస్సు ఎక్కువగా నిలుస్తుంది. మా అన్నగారి మనవరాలు మనోవిజ్ఞానంలో ఎం.ఏ. చదువుతూ ఆరు వారాలు ఒక ఆసుపత్రికి శిక్షణకు వెళ్ళింది. మొదటి రెండు వారాలూ చీటీలు రాయించడంతోనే సరిపోయిందట. "చిన్నతాతయ్యా, పుస్తకంలో లేనిది అక్కడేముంది? ధ్రువపత్రం కోసం కూర్చోవాలంతే" అని ఫోనులో విసుక్కుంది. మూడవ వారంలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో మాట్లాడమన్నారు. "కొడుకు దుబాయి ఎల్లినకాణ్ణించీ బెంగెట్టేసుకున్నానమ్మా" అన్నదట ఆవిడ. మా పిల్ల కాగితం మీద 'యాంగ్జయిటీ' అని రాసింది. పర్యవేక్షించే మేడమ్ ఆ కాగితం చూసి, "ఇది నువ్వన్న మాట. ఆవిడ అన్న మాట ఏదమ్మా?" అని అడిగారట. రోగి తన బాధను ఏ మాటలలో చెప్పుకున్నదో ఆ మాటలలోనే ముందు రాయాలన్నది ఆ విద్యలో తొలి నియమం. "బెంగకు ఇంగ్లీషులో ఏమంటారు చిన్నతాతయ్యా?" అని ఆ సాయంత్రం నన్ను అడిగింది. "ఏమీ అనరు తల్లీ" అన్నాను.

నిజమే కదా. బెంగకు ఒక మనిషి కావాలి, దూరమైన మనిషి. దిగులుకు మనిషి అక్కరలేదు, సాయంత్రం వేళ ఊరికే కూడా కమ్ముకుంటుంది. విచారానికి కారణం చెప్పగలం. వెలితికి చెప్పలేము. గుండెదడ శరీరానిదో మనస్సుదో చెప్పేవారికే తెలియదు. గాలి సోకిందన్నవారిని మూఢులని తోసిపుచ్చితే వారు మళ్ళీ నోరు విప్పరు. ఈ మాటల మధ్య భేదం ఏ విదేశీ గ్రంథమూ మన పిల్లలకు నేర్పదు. పక్కన కూర్చున్నప్పుడే తెలుస్తుంది. పక్కన కూర్చున్న పిల్లను సరిదిద్దే పెద్దదిక్కు ఉన్నప్పుడే అది చదువవుతుంది. ఆ ఆరు వారాలలో మా పిల్లకు దక్కిన అసలు చదువు ఆ ఒక్క ప్రశ్న. గురువు సామీప్యం, రోగి సామీప్యం రెండూ కావాలని మొదట అన్నది ఇందుకే.

ఈ మాట ఇప్పుడు మన చట్టంలో కూడా ఉన్నది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఈ వృత్తిలోనివారికి నమోదును ఏర్పరచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు ఎవరో నిర్వచిస్తూ, పర్యవేక్షణలో పొందిన క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ళ పూర్తికాలపు ఎంఫిల్‌ను ప్రస్తావించింది. 2022 నియమావళితో ఎంఫిల్‌ను ఆపివేసిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం, ఈ చదువుకు, మానసిక వైద్యరంగపు సామాజికసేవ చదువుకు మాత్రం 2025–26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. రేపు చదువు పేరు ఏదైనా కావచ్చు. ఆ నిర్వచనంలోని 'పర్యవేక్షణ' అన్న మాట చెదరకుండా ఉండాలి. నిమ్‌హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వే, చికిత్స గాని తోడ్పాటు గాని కావలసినవారు మన దేశంలో దాదాపు 15 కోట్ల మంది ఉన్నారని చెప్పింది. ఇంతమందికి మనుషులు చాలరన్న తొందరలో శిక్షణను ధ్రువపత్రంగా కుదించుకునే ప్రమాదం ఉన్నది. ఆరు వారాలు రిజిస్టరులో సంతకం పెట్టినవాడు అంతేవాసి కాడు. ఎవరి బాధకు దగ్గరగా కూర్చున్నాడు, తాను చూసినదానిని ఎవరి ఎదుట పెట్టి సందేహించుకున్నాడు అన్నవే దానికి గీటురాళ్ళు.

ఆసుపత్రి పేరు కూడా మనకు తిట్టే. ఎర్రగడ్డ అన్నది ఒక పేట పేరు. అక్కడ మానసిక వైద్యశాల ఉన్నందుకు ఆ ఊరిపేరును ఎగతాళికి వాడుకుంటున్నాము. విశాఖలోనివారు వాల్తేరును అలాగే వాడారు. ఆ గేటు లోపల ఒక పడుచుపిల్ల కలం పట్టుకుని, ఒక ముసలమ్మ చెప్పిన మాటను చెప్పినట్టుగా రాసుకోవడానికి ప్రయత్నిస్తున్నదని తెలిస్తే, ఆ హాస్యం ఆడడానికి మనకు నోరు రాకపోవచ్చు.

బెంగ, దిగులు, వెలితి వంటి మాటలు మీ మీ ప్రాంతాలలో ఇంకా ఏమేమి ఉన్నాయో, ఏ అర్థంలో వాడతారో మిత్రులు తెలియజేస్తే సంతోషిస్తాను. అవి పోగుచేసి ఆ పిల్లకు పంపుతాను. ఆమె చదువుకు నా వంతు ఉపకారం అదే.

స్వస్తి.